ముల్లు నిలిచిన హోటలు

మా నాన్నకి పరాయి ఊళ్ళో బస ఎంచుకోవడం చేతకాదు. ఆయన బతికుండగా ఈ మాట ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. విజయనగరం నడిబొడ్డున, గంటస్తంభానికి కూతవేటు దూరంలో, మేడ మీద గది చూసింది ఎవరు, నేను కాదా అనేవాడు. చూశాడు, కాదనను. ఆ గది పుణ్యమా అని నాకు పుట్టిన మంట మాత్రం ఇంత వయసొచ్చినా పూర్తిగా చల్లారలేదు.

మాది కోటబొమ్మాళి. యుద్ధం అయిపోయినా కిరసనాయిలుకీ పంచదారకీ జనం ఇంకా వరసకట్టి నిలబడుతున్న రోజులు. నాన్నకి బజారులో కిరాణా కొట్టు ఉండేది. నేను ఎనిమిదో తరగతి పాసై ఇంట్లో కూర్చున్నాను. విజయనగరంలో ఆడవాళ్ళ ట్రైనింగు బడి ఒకటుందనీ, అందులో చదివితే పంతులమ్మని కావచ్చనీ ఎవరో చెప్తే విని, అన్నం మానేసి, మాట్లాడ్డం మానేసి, చివరికి నాన్న చేత ఊఁ అనిపించాను. అయితే ఆ ఊఁ కి ఒక ముడి ఉంది. ఈ వేసవిలో సీటు దొరికితే చదువు. దొరక్కపోతే నోరు మూసుకుని, చూసిపెట్టిన సంబంధానికి తల వంచడం. మళ్ళీ ఏడాది అన్న మాట ఎత్తకూడదు.

బడివాళ్ళు మొదటి రోజు రాత పరీక్ష పెడతారు. మర్నాడు పెద్ద టీచరు పిలిచి మాట్లాడుతుంది. అంటే ఆ ఊళ్ళో రాత్రి ఉండక తప్పదు. మా ఇంట్లో రాద్ధాంతం అక్కడ మొదలైంది.

ఉండడానికి చోటు లేక కాదు, ఎక్కువై. విజయనగరంలో మాకు రెండిళ్ళు. స్టేషను దగ్గర అమ్మ అన్నయ్య, అంటే మా మావయ్య. ఆయనకి బట్టల కొట్టు. కోట అవతల నాన్న చెల్లెలు, మా అత్త. ఆవిడ భర్త ఇత్తడి సామాను అమ్మేవాడు. ఒకప్పుడు ఎవరి పెళ్ళికో వెళ్ళి అత్త ఇంట్లో దిగితే, మావయ్య ఆ ఏడాదంతా మాకు ఉత్తరం ముక్క రాయలేదు. సరే కదా అని మరోసారి మావయ్య ఇంట్లో దిగితే, దసరాకి మేము పంపిన చీరని అత్త మడత విప్పకుండా తిప్పి పంపింది. ఆనాటి నుంచి నాన్న విజయనగరం వెళ్తే పొద్దుటి రైలుకి వెళ్ళి సాయంత్రం రైలుకి వచ్చేసేవాడు. దాహం వేసినా ఇద్దరిలో ఎవరి గడపా తొక్కేవాడు కాదు.

"సత్రం ఉన్నాది కదా, మనోల్లదే. వంట సేసుకోవచ్చు, నుయ్యి ఉన్నాది," అంది అమ్మ.

"సత్రం స్టేసను పక్కన ఉన్నాది. అక్కడ దిగితే మీ అన్న ఇంటి అరుగు మీద కూకున్నట్టే. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదని ఆయనకి కోపం. ఆయన గుమ్మం దాకా ఎల్లినామని మా సెల్లికి కోపం," అన్నాడు నాన్న.

కొట్లో ఆయన కూర్చునే చోట పెద్ద తక్కెడ వేలాడుతూ ఉండేది. కందిపప్పు తూచినా, చింతపండు తూచినా, ముల్లు నిటారుగా నిలిచేదాకా ఆయన చిటికెడు వేస్తూ, చిటికెడు తీస్తూ ఉండేవాడు. వచ్చినవాళ్ళు విసుక్కున్నా వినేవాడు కాదు. కొట్లో ఆ పద్ధతికి మంచి పేరుండేది. ఆ పద్ధతినే ఇంట్లోకీ చుట్టరికాల్లోకీ తీసుకొచ్చేసరికి మా ప్రాణాలు తోడేసేది.

ఆయన ఒక రోజు కొట్టు కట్టేసి విజయనగరం వెళ్ళొచ్చాడు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి ఎండకి మొహం కమిలిపోయింది కానీ, గొప్ప కార్యం సాధించినవాడిలా ఉన్నాడు. జట్కావాళ్ళని పట్టుకుని, మావయ్య ఇంటి నుంచి ఊళ్ళోకి ఒకసారి, అత్త ఇంటి నుంచి ఊళ్ళోకి మరోసారి తిరిగి, రెండిళ్ళకీ సరిసమాన దూరంలో ఉన్న హోటలు కనిపెట్టాడట. కింద కాఫీ హోటలు, పైన బస గదులు.

"గదిలో నీల్లున్నాయేటి?" అంది అమ్మ.

"నడిమద్దిన ఉన్నాది."

"ఆడోల్లు దిగడానికి బాగుంటాదా?"

"సెప్తన్నాను కదా, నడిమద్దిన ఉన్నాదని. అటు ఒక్క అడుగు ఎక్కువ లేదు, ఇటు ఒక్క అడుగు తక్కువ లేదు."

"మరి బడికి దగ్గరేనా?" అని నేనడిగాను.

నాన్న నా వైపు, ఆ ఊళ్ళో బడి కూడా ఒకటుందని అప్పుడే తెలిసినట్టు చూశాడు. ఆయన తక్కెడలో ఒక సిబ్బిలో మావయ్య, ఇంకో సిబ్బిలో అత్త. నా బడి ఏ సిబ్బిలోకీ ఎక్కలేదు. ఎవరి కోసం ఈ ప్రయాణమో ఆ మనిషిని వదిలేసి ప్రయాణం గురించి ఇంత తలబద్దలు కొట్టుకునే వాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

బయల్దేరే ముందు అమ్మ జంతికలు వండి రెండు రేకు డబ్బాల్లో పెట్టింది. వీలు చూసుకుని మావయ్యకొకటి, అత్తకొకటి ఇద్దామని ఆవిడ ఆశ. నాన్న ఆ రెండు డబ్బాలనీ కొట్లోకి పట్టుకెళ్ళి తక్కెడలో పెట్టి, ఒక దాంట్లోంచి రెండు జంతికలు తీసి ఇంకో దాంట్లో వేశాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. అమ్మ మాత్రం డబ్బాలకి గుడ్డ కట్టింది.

రైల్లో ఆమదాలవలస దగ్గర జనం తోసుకుంటూ ఎక్కి నా పుస్తకాల సంచీ మీద కూర్చున్నారు. విజయనగరంలో దిగాక నాన్న తువ్వాలు మొహానికి చుట్టుకుని, మావయ్య కొట్టు ఉన్న వీధి తప్పించి, జట్కాని చుట్టు తిప్పించాడు. దొంగతనానికి వచ్చినవాళ్ళలా హోటలు మెట్లెక్కాం.

గది చూసేసరికి నాకు ఏడుపొచ్చింది. కిటికీ తీస్తే కింద కూరగాయల బజారు. మూస్తే కాఫీ హోటలు పొగ. గ్రామఫోను పొద్దస్తమానం మోగుతూనే ఉంది. నీళ్ళు కావాలంటే కింద పెరట్లోకి వెళ్ళాలి, అక్కడ మగవాళ్ళు లుంగీలు కట్టుకుని పళ్ళు తోముకుంటూ ఉంటారు. అమ్మ హోటలు తిండి ముట్టదు. కుంపటీ బొగ్గులూ తెచ్చుకుంది. వాటిని చూడగానే హోటలు యజమాని పరుగున వచ్చాడు.

"సెట్టిగారూ, మేడ మీద నిప్పు పెట్టకూడదండి. అటుకులు నానబెట్టుకోండి, అభ్యంతరం లేదు," అన్నాడు.

ఆ విధంగా, ఊళ్ళో రెండు సొంత ఇళ్ళు పెట్టుకుని, మా అమ్మ నడిమధ్య గదిలో నేల మీద కూర్చుని అటుకులు తిన్నది.

ఊరికి నడిమధ్య అంటే ఊరంతా వచ్చిపోయే చోటని మా నాన్నకి తట్టలేదు. ఆ మాటకొస్తే నాకూ తట్టలేదు, కానీ హోటలు ఎంచింది నేను కాదు. మేము వచ్చిన సాయంత్రమే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలుపులో మావయ్య. కొట్టు కట్టేశాక రోజూ ఆ హోటల్లోనే కాఫీ తాగుతాడట. కింద యజమాని, కోటబొమ్మాళి సెట్టిగారు ఆడవాళ్ళతో సహా దిగారని ముచ్చటగా చెప్పాడట.

మావయ్య కూర్చోలేదు. అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు పుచ్చుకోలేదు.

"ఏటి బావా, మా ఇంటి కప్పు కూలిపోనాదని ఎవలైనా సెప్పినారా నీకు?" అన్నాడు.

"అది కాదు బావా," అని నాన్న ఎంతో నెమ్మదిగా మొదలెట్టాడు. "నీ ఇంటికీ మా సెల్లి ఇంటికీ సమానంగా ఉండాలని ఇక్కడ సూసినాను. ఎవలికీ లోటు సెయ్యకూడదని."

ఇది వినగానే మావయ్య శాంతిస్తాడని నాన్న నిజంగా నమ్మాడు. మావయ్య మొహం ఇంకా ఎర్రబడింది.

"అంటే నీకు ఆడపిల్లనిచ్చిన ఇల్లూ, ఆ ఇత్తడి సామానోల్ల ఇల్లూ ఒకటేనన్న మాట. ఆ మాట ఇన్నాల్లూ సెప్పలేదేటి?" అని దిగి వెళ్ళిపోయాడు. అమ్మ జంతికల డబ్బా చేత్తో పట్టుకుని తలుపు దగ్గర అలాగే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్న నేను పరీక్షకి తల దువ్వుకుంటుంటే కిటికీ కింద నుంచి అత్త గొంతు వినిపించింది. కూరలకి ఆవిడ రోజూ ఆ బజారుకే వస్తుంది. వంకాయలు బేరమాడుతూ తలెత్తేసరికి కిటికీలో అమ్మ ఆరేసిన చీర కనిపించింది. వదిన చీరని ఆవిడ ఎక్కడైనా గుర్తుపడుతుంది. కూరల సంచీతో మెట్లెక్కి వచ్చింది.

"అన్నయ్యా, సెల్లి సచ్చిపోనాదనుకున్నావేటి?"

నాన్న రాత్రంతా ఆలోచించి కూడా ఏమీ నేర్చుకోలేదు. మళ్ళీ అదే సమానం మాట అన్నాడు. అత్త సంచీ కింద పడేసి కళ్ళొత్తుకుంది. తోడబుట్టిన తననీ, బావమరిదినీ ఒకే కాటాలో వేశాడని ఏడ్చింది. ఎక్కువ తక్కువలైతే వీళ్ళు ఎలాగో భరించేవారేమో గాని, సమానం చేస్తే మాత్రం ఓర్చుకోలేకపోయారు. నాకు పరీక్ష వేళ మించిపోతోంది. ఆ మాట అంటే వినేవాళ్ళు లేరు. "నా పరీక్ష" అని గట్టిగా అరిచాక గానీ నాన్న కదల్లేదు.

బడి కోట దాటాక ఉంది. పొద్దుటి పూట జట్కాలన్నీ స్టేషనుకి పోయాయి. నడిచాం. నడవడం కాదు, పరిగెత్తాం. దారిలో అత్త ఇంటి ముందు నుంచే వెళ్ళాలి. ఆ ఇంటి అరుగు మీద నిలబడితే బడి గేటు కనిపిస్తుంది. అది చూసి నా కడుపు మండిపోయింది. పరీక్ష మొదలయ్యాక లోపలికి వెళ్ళాను. గుమ్మం దగ్గర పంతులమ్మ నన్ను తిట్టి కూర్చోబెట్టింది. లెక్కలు పూర్తి చెయ్యలేకపోయాను గానీ తెలుగు బాగా రాశాను.

తర్వాతి రోజు పెద్ద టీచరు పిలిచింది. తెల్లచీర కట్టుకుని, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నన్ను చదవమంది, చదివాను. పాఠం చెప్పమంది, ఆవిడ్నే చిన్నపిల్లగా అనుకుని చెప్పాను. నవ్వింది. తర్వాత నాన్ననీ అమ్మనీ లోపలికి పిలిచింది.

"పిల్లకి సీటు ఇస్తాను. మా బడికి హాస్టలు లేదు. ఊళ్ళో మీవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నారండి. రెండిల్లు," అన్నాడు నాన్న.

"మంచిది. మీరు ఎవరింట్లో దిగారు?"

నాన్న తువ్వాలు సర్దుకున్నాడు. "హోటల్లో అండి. నడిమద్దిన ఉన్నాదండి," అన్నాడు.

ఆవిడ కలం కింద పెట్టింది. "రెండిళ్ళు ఉండి హోటల్లో దిగిన వాళ్ళ పిల్లని రెండేళ్ళపాటు ఏ ఇంటివాళ్ళు చూసుకుంటారు? నాకు పిల్ల ఎక్కడ ఉంటుందో తెలియాలి. రేపు పొద్దున్న ఆ ఇంటి మనిషిని వెంటపెట్టుకు రండి. లేకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండి," అంది.

గదికి తిరిగొచ్చాం. నాన్న మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. నాకు లోపల ఆశ పుట్టింది. ఎంతైనా కన్నతండ్రి, ఏదో ఒకటి తేలుస్తాడనుకున్నాను. ఆయన తలెత్తి చెప్పిన మాట ఇది.

"ఆరు నెల్లు మీ మావ ఇంట్లో, ఆరు నెల్లు మీ అత్త ఇంట్లో ఉంటే సరిపోతాది."

అప్పుడు నాకు వచ్చిన కోపం మళ్ళీ జన్మలో రాలేదు. "నన్ను కూడా తక్కెడలో పెట్టి రెండు ముక్కలు సెయ్యి నాన్నా. అటో ముక్క, ఇటో ముక్క పంపు," అన్నాను. ఎదురు మాట ఎరగని ఇంట్లో పుట్టి ఆ మాట అన్నాను. నాన్న చెయ్యెత్తలేదు. ఆయనకి నిజంగానే ఇంకో దారి తోచడం లేదు. ఏ వైపు కాస్త మొగ్గినా ఇంకో వైపు విరిగిపోతుందనే భయం ఆయన కళ్ళల్లో కనిపించింది. అది చూసి జాలి పడాల్సింది పోయి నేను ఇంకా మండిపడ్డాను.

అమ్మ అప్పటిదాకా మూల కూర్చుని తడి చీర మడత పెడుతోంది. ఆ పని ఆపకుండానే అంది:

"సాలించండి. పిల్ల మీ సెల్లెలింట్లో ఉంటాది. బడి ఎదురుగా ఉన్నాది."

"మరి మీ అన్న?" అన్నాడు నాన్న.

"మా అన్నతో నాను మాటాడతాను."

"ఆయన ఊరుకుంటాడేటి?"

అమ్మ లేచింది. మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. ఒక జంతికల డబ్బా చంకన పెట్టుకుని, నాన్నని వీధి చివరిదాకా మాత్రం తోడు రమ్మంది. అన్న ఇంటికి మాత్రం ఒక్కతే వెళ్తానంది. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. చీకటి పడకముందే తిరిగొచ్చారు. డబ్బా అమ్మ చంకలోనే ఉంది. గుడ్డకి కట్టిన ముడి కూడా విప్పలేదు.

"మావయ్య ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏటంటాడు. ఎండన పడి వచ్చినాను, తల నొప్పిగా ఉన్నాది," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు అత్త కొత్త చీర కట్టుకుని బడికి వచ్చింది. గెలిచానన్న సంగతి ఆవిడ నడకలోనే తెలుస్తోంది. పెద్ద టీచరు ముందు నా భుజం మీద చెయ్యి వేసి, మా పిల్ల అంది. నా పేరు రాసుకున్నారు. రెండు డబ్బాలూ అత్త ఇంటికే చేరాయి. రెండోది ఎందుకిచ్చారని అత్త అడగలేదు. ఆ జంతికలు నెల తిరిగేదాకా బడికి పట్టుకెళ్ళి తిన్నాను. ఆఖర్న మెత్తబడిపోయాయి.

తర్వాత రెండేళ్ళలో నాన్న నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆ హోటల్లోనే దిగేవాడు. కుంపటి తెచ్చుకోవడం మానేశాడు, అంతే తేడా. అత్త ఇంట్లో దిగితే మావయ్యకి ఉన్న కోపం ఇంకా పెరుగుతుందట. పెరగడానికి అక్కడ ఇంకేం మిగిలి ఉందో నాకు అర్థమయ్యేది కాదు. మావయ్య మా ఇంటికి ఉత్తరం రాయడం మానేశాడు. అట్లతద్దికి అమ్మకి పుట్టింటి నుంచి రావలసిన చీర రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. ఎవరైనా అడిగితే, బట్టల కొట్టువాళ్ళకి తీరిక ఎక్కడుంటుందని అమ్మ నవ్వేసేది.

నా చదువు అయిపోయాక నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి అమ్మ వచ్చింది. వైశాఖం ఎండలు. సామాను జట్కాలో వేసుకుని స్టేషనుకి బయల్దేరాం. గంటస్తంభం దాటగానే అమ్మ జట్కావాడిని చెరువు గట్టు మీదుగా పోనివ్వమంది.

"అదంతా చుట్టు కదమ్మా. రైలు దాటిపోతుంది," అన్నాను విసుగ్గా.

"అటు ఎండ తగలదు," అంది.

గట్టు మీద నీడనిచ్చే చెట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. గుర్రం నురగలు కక్కుతోంది, నా చేతుల్లో సంచీ కాలిపోతోంది. ఈ ఇంట్లో ఎవరికీ తిన్నగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళడం చేతకాదా అని గట్టిగా అనబోయి, అమ్మ వైపు తిరిగాను. ఆవిడ ఒక చేత్తో చెంగు ముందుకి లాక్కుని, మావయ్య ఇల్లున్న స్టేషను వీధి కప్పులు కనిపించే వైపు మెడ తిప్పకుండా, బిగుసుకుని కూర్చుంది. నా ట్రైనింగు పాసు కాగితం ఆవిడ ఒళ్ళోనే ఉంది, ఎండకి పాడవకుండా రెండో చేత్తో దాన్ని కప్పి పట్టుకుంది. నేను ఆ మాట మింగేసి, జట్కావాడితో, తొందరేం లేదు, నెమ్మదిగానే పోనియ్యమన్నాను.